గడ్డి మందు కొట్టకుండా పెరడంతా బాగు చేయించుకున్నాం, ఏడాది చూసి రాస్తున్న రివ్యూ (రామ్మూర్తి నగర్, బెంగళూరు)

ఈ రివ్యూ పోయినేడే రాయాల్సింది. కానీ గడ్డి తీయించిన వారంలో ఎవరి పెరడైనా బాగానే కనిపిస్తుంది, మళ్లీ వానలు పడి నేల తడిసాక ఏం మొలుస్తుందో చూసి రాస్తేనే ఇంకొకళ్లకి పనికొస్తుందని కావాలనే ఆగాను. ఇప్పుడు జూన్ సగం అయింది, పెద్ద వానలు మూడు పడ్డాయి, పొద్దున్నే వెనక తలుపు తీస్తే నడుం ఎత్తు పిచ్చిచెట్లు ఉండే చోట ఎర్రమట్టి, అందులో అలసంద మొలకలు కనిపిస్తున్నాయి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది 40×60 సైటు. ముందు సగంలో ఇల్లు, వెనకా పక్కనా కలిపి దాదాపు 1100 చదరపు అడుగుల ఖాళీ. మా ఆయన ఉద్యోగం మీద రెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి పోయినేడు మార్చిలో తిరిగొచ్చేసరికి ఆ ఖాళీ అంతా అడివైపోయింది. గోడ పొడుగునా లాంటానా, మనవైపు కొందరు తలంబ్రాల చెట్టు అంటారు చూడండి అదే, మధ్యలో మొత్తం వయ్యారిభామ, ఇక్కడ కన్నడవాళ్లూ మనవాళ్లూ అందరూ కాంగ్రెస్ గడ్డి అనే అంటారు, మూలన మనిషెత్తు ఆముదం చెట్లు, వాటి మీదకి పాకిన తీగలు, కింద చూస్తే తుంగ. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సైజు రాళ్ల కుప్ప ఒకటుండాలి, అది ఎక్కడుందో కూడా కనపడలేదు. ఏప్రిల్ వానలకి ఆ కాంగ్రెస్ గడ్డి తెల్లగా పూతకొచ్చింది. మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడకి ఆయాసం, ఆ పూత మొదలయ్యాక ఇన్‌హేలర్ లేకుండా ఒక్క రాత్రి నిద్రపోలేదు. మా చిన్నోడు బంతి కోసం లోపలికెళ్లి వచ్చాడు, చేతులనిండా దద్దుర్లు.

ముందు చేసిన తప్పు చెప్తాను. తొందరపడి మందు కొట్టే అతన్ని పిలిచాం, 2500 తీసుకున్నాడు, వీపుకి స్ప్రేయర్ తగిలించుకుని అరగంటలో మొత్తం కొట్టి వెళ్లిపోయాడు. డబ్బా మీద పేరు అడిగితే గడ్డి మందు మేడం అన్నాడంతే. పది రోజుల్లో అంతా పసుపు రంగుకి తిరిగి ఎండింది, సంతోషపడ్డాం. కానీ ఆ రోజు గాలి ఉంది, మా కరివేపాకు చెట్టు ఒకవైపు మాడిపోయింది, పక్కింటి ఆంటీ కుండీల్లో వంకాయ మొక్కలు ముడుచుకుపోయాయి, ఆవిడకి మొహం చూపించలేకపోయాను. ఎండిన కట్టెలన్నీ నిలబడే ఉన్నాయి, వాటిని తీసేది మళ్లీ మనమే. జూన్ ఆఖరుకల్లా కింద నుంచి కొత్త కాంగ్రెస్ గడ్డి ఇంకా ఒత్తుగా వచ్చింది, లాంటానా అయితే మొదట్లోంచి చిగురేసింది. విత్తనం నేలలో ఉండగా పైన ఆకు మాడ్చి ఏం లాభం? ఒక్కో కాంగ్రెస్ మొక్క పది నుంచి పాతిక వేల విత్తనాలు రాలుస్తుంది, అవి నేలలో ఏళ్ల తరబడి బతికుంటాయి.

అప్పుడే కూర్చుని చదివాను. మామూలుగా గడ్డి మందు అంటే గ్లైఫోసేట్. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదని 2022 అక్టోబర్‌లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2015లో డబ్ల్యూహెచ్ఓ వాళ్ల క్యాన్సర్ సంస్థ ఐఏఆర్‌సీ దాన్ని మనుషులకి బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి గ్రూపులో, అంటే 2ఏలో పెట్టింది. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ ఒప్పుకోలేదు, ఆ వాదన నడుస్తూనే ఉంది, నేను సైంటిస్టుని కాదు. కొన్ని చోట్ల పారాక్వాట్ కూడా కొడతారు, అది పొరపాటున కడుపులోకి పోతే విరుగుడు మందే లేదు. మట్టిలో ఆడుకునే పిల్లాడు, ఆయాసంతో ఉన్న అమ్మ ఉన్న ఇంట్లో ఇంకోసారి ఏ మందూ వద్దని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

ఇక అసలు రివ్యూ. వీళ్లకి బోర్డు లేదు, యాప్ లేదు. మా సర్కిల్‌లో పొద్దున్నే కూలీలు నిలబడతారు, అక్కడ మా ఆయన కదిరి వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీతో మాట్లాడి తీసుకొచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, అందరూ తెలుగువాళ్లే. వచ్చిన మేస్త్రీ గడ్డి కోసే మిషన్ (బ్రష్ కట్టర్) కింద పెట్టి ముందు ఒక పొడుగాటి కర్ర తీసుకుని చుట్టూ తిరిగాడు. "అక్కా, మిషన్ పెడితే రెండు గంటల్లో అయిపోతాది, కానీ నెలకి మళ్లా పిలుస్తారు నన్ను. మొదలు తీస్తేనే పని. రెండు దినాలు పడతాది, ఆనెంక ఇంకో రెండు తూర్లు రావాల, అట్లయితేనే చేస్తాం" అన్నాడు. పని ఎక్కువ చెప్పి డబ్బులు గుంజుతున్నాడేమో అని మా ఆయన అనుమానపడ్డారు, నాకు మాత్రం అప్పటికే ఒకసారి కాలింది కాబట్టి ఆ మాటే నచ్చింది.

తర్వాత నన్ను వెంట తిప్పి ఏవి ఉంచాలో చూపించమన్నాడు, పాత చీర పేలికలు ఇమ్మని ఉంచాల్సిన ప్రతి మొక్కకీ కట్టించాడు. జామ, కరివేపాకు, కొబ్బరి సరే, నేను గుర్తుపట్టని సీతాఫలం మొక్క ఒకటి తీగల్లో దూరిపోయి ఉంటే అదీ బయటపెట్టాడు. ఇంకోటి అడిగాడు, చవితి పత్రికి ఏమన్నా ఉంచమంటారా అని. నిజంగా నాకు తట్టలేదు. ఉత్తరేణి, ఉమ్మెత్త, గరిక, జిల్లేడు అన్నీ మా పెరట్లోనే ఉన్నాయి, ప్రతి ఏడూ కేఆర్ పురం మార్కెట్లో కొనుక్కొస్తున్నాం. పిల్లాడు తిరిగే వైపు కాకుండా గోడ మూలన ఒక గజం జాగా వాటికి వదిలేశాం.

కాంగ్రెస్ గడ్డి తీసిన పద్ధతి గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే. పూతకొచ్చిన మొక్కల మీద బ్రష్ కట్టర్ పెట్టనివ్వలేదు మేస్త్రీ. "పూత మీద మిషన్ పెడితే దుమ్ము లేచి ఇంట్లోకి వస్తాదక్కా, ఇత్తనం గూడా చల్లినట్టయితాది" అన్నాడు. ముందురోజు సాయంత్రం వాన పడింది, పడకపోతే పైపుతో తడపమనే చెప్పాడు, తడి నేలలో అయితే వేరు తెగకుండా వస్తుంది. పూసినవాటిని ముందు మెల్లగా లాగి తలలు లోపలికి పెట్టి సంచుల్లో కుక్కారు. ఆ తర్వాత నేలకి అతుక్కుని ఉన్న చిన్న మొక్కలు, చూడ్డానికి ముల్లంగి ఆకులా పరుచుకుని ఉంటాయి, వాటిని బొరిగెతో ఒక్కొక్కటే తవ్వి తీశారు. మొలిచిన నెలా నెలన్నరకే పూతకొచ్చేసే మొక్క అది, అందుకే ఈ చిన్నవాటిని వదిలేస్తే పెద్దవి పీకిన శ్రమంతా దండగ. మోచేతుల దాకా బట్ట గ్లవ్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి, మాస్కులు మాత్రం లేవు, మేం ఇచ్చాం. పనిచేసేవాళ్లకి మాస్కులు, చేతులు కడుక్కోడానికి సబ్బు మీరే రెడీగా పెట్టండి, ఆ గడ్డితో రోజూ పనిచేసేవాళ్లకి చర్మం ఎంత పాడవుతుందో పెద్దామె చేతులు చూస్తే తెలిసింది నాకు.

లాంటానా ఇంకో రకం మొండి. కోస్తే కోసినచోట నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. వీళ్లు ముందు కత్తితో కొమ్మలు నరికి ఇవతలకి లాగి, మొదలు చుట్టూ పికాసుతో మట్టి తీసి, నేలమట్టానికి రెండు మూడు అంగుళాల కింద వేరుని గొడ్డలితో కొట్టి ఆ ముడి మొత్తం పైకి తీశారు. చిగురేసేది ఆ ముడి దగ్గరే, దాని కింద వేరు మిగిలినా మళ్లీ రాదు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారు అడవుల్లో లాంటానా తీయడానికి చెప్పిన పద్ధతి కూడా ఇదేనని తర్వాత చదివి ఆశ్చర్యపోయాను, ఈ మేస్త్రీ ఎక్కడ నేర్చుకున్నాడంటే వాళ్ల నాయన దగ్గర అన్నాడు. తీసిన ముడులు తలకిందులుగా పెట్టి ఎండబెట్టారు, మట్టికి తగిలితే మళ్లీ పట్టుకుంటాయట. రెండు వందల ఏళ్ల కిందట కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం తెచ్చిన మొక్క ఇది, ఇవాళ బండీపూర్ అడవి నుంచి మా గోడ దాకా వచ్చింది.

పాము సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రాస్తున్నా. వచ్చింది. రెండో రోజు సైజు రాళ్ల కుప్ప కదిపేటప్పుడు ఆరడుగుల జెర్రిపోతు బయటకొచ్చింది. మేం అరిచాం, వాళ్లు అరవలేదు. పని మొదలుపెట్టేటప్పుడే మేస్త్రీ ఇంటి వైపు నుంచి మొదలుపెట్టి వెనక గోడవైపు వెళ్దాం, వెనకవైపు దారి వదిలేద్దాం, ఏదన్నా ఉంటే అటు పోతుంది అని చెప్పాడు, సరిగ్గా అలాగే అది గోడ కంత లోంచి వెళ్లిపోయింది. జెర్రిపోతుకి విషం లేదు, ఎలుకల్ని తింటుంది. కానీ బెంగళూరు శివార్లలో నాగుపాములు, రక్తపింజరలు కూడా ఉంటాయి, కాబట్టి చేత్తో పొదలోకి దూరడం, చెప్పులతో వెళ్లడం వద్దు, వీళ్లు గమ్ బూట్లు వేసుకునే దిగారు. రాళ్లు కదిపేముందు గునపంతో దూరం నుంచి దొర్లించారు. ఆ రాళ్ల మధ్యలో నీళ్లు నిండిన పగిలిన బకెట్, కొబ్బరి చిప్పలు, సీసాలు ఒక సంచెడు దొరికాయి. డెంగీ దోమ పెరిగేది అలాంటి నీళ్లలోనే, మేం మాత్రం అప్పటిదాకా దోమలన్నీ డ్రైనేజీ వల్లే అనుకుంటున్నాం.

ఆముదం కాయలు చెట్టు లాగకముందే కోసి సంచిలో వేశారు, చిన్నోడిని చూసి వాళ్లే చేశారు, మేం చెప్పలేదు. ఆ గింజలు విషం.

ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. అసలు పని వాళ్లదే. మిషన్ గోల మగవాళ్లది, వేళ్లు తీసింది వీళ్లు, అదీ రెండు రోజులూ గొంతుక్కూర్చునే. పెద్దామె పీకుతూ పీకుతూ కొన్ని ఆకులు వేరుగా కొంగులో వేసుకుంటోంది, ఏంటవ్వా అని మా చిన్నోడు అడిగితే కూర్చోబెట్టుకుని చూపించింది, ఇది గంగపాయ, ఇది గురుగాకు, ఇది చెంచలాకు, పప్పులో వేస్తే అన్నం ఇంకో ముద్ద తింటావు అని. మాది గుంటూరు వైపు, గంగపాయ ఒక్కటే తెలుసు నాకు. ఆ సాయంత్రం మా అమ్మ ఆ మూడూ కలిపి పప్పు చేసింది, మర్నాడు వాళ్లకీ పెట్టాం. మందు కొట్టిన నెలలో అయితే ఆ ఆకు ముట్టుకోగలమా?

లోపాలు కూడా చెప్తా. శనివారం 8కి వస్తామని 10:30కి వచ్చారు, ఫోన్ కూడా లేదు. నీళ్ల కుళాయి దగ్గర నేను పెంచుకుంటున్న పొన్నగంటి కూర మడికి పేలిక కట్టడం మర్చిపోయాం, అది గరిక అనుకుని మిషన్ తిప్పే కుర్రాడు లేపేశాడు, సగం తప్పు మాది, సగం తొందరగా చేసిన అతనిది. గడ్డి వైపు నైలాన్ దారంతో తిప్పేటప్పుడు ఒక గులకరాయి ఎగిరి వంటింటి కిటికీ గ్రిల్‌కి టంగుమని తగిలింది, చెప్పాక ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టారు, అది మొదటే పెట్టాల్సింది. మీరు చేయిస్తే కార్లు, పిల్లలు, కిటికీలు చూసుకోండి, ఆ రాయి చాలా దూరం వెళ్తుంది. టూ స్ట్రోక్ మిషన్ కాబట్టి చప్పుడు, పొగ కూడా ఉంటాయి, మేం వాడింది గంటన్నరే కనుక భరించాం.

చెత్త విషయంలో మేం గట్టిగా ఒక మాట అనుకున్నాం, కాల్చకూడదు. ఈ చుట్టుపక్కల ఖాళీ సైట్లలో కోసి అగ్గిపెట్టడం మామూలే, ఆ పొగకి అమ్మ రెండుసార్లు నెబ్యులైజర్ దాకా వెళ్లింది. బయట చెత్త కాలిస్తే 5000, పెద్ద మొత్తంలో అయితే 25000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2016లోనే చెప్పింది. మా దగ్గర పూయని గడ్డి, ఆకులు, మెత్తటి కొమ్మలు మూలన కంపోస్టు గుంతలోకి వెళ్లాయి. పూసిన కాంగ్రెస్ గడ్డి సంచులు మూతి బిగించి మేడ మీద ఎండలో నెల పైన మగ్గబెట్టాం. లాంటానా కట్టెలు, ఆముదం మోళ్లు టెంపోలో వెళ్లాయి. లాంటానా కర్రతో ఎంఎం హిల్స్‌లో (మలె మహదేశ్వర కొండల్లో) సోలిగ గిరిజనులు కుర్చీలు, బుట్టలు చేస్తారు, ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు నేర్పించారు, అందుకని బాగున్న కర్రలు పది దాచి చిక్కుడు పందిరికి వేశాను, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

ఖర్చు. మగవాళ్లకి రోజుకి 1000, ఆడవాళ్లకి 700, రెండు రోజులకి 6800. మిషన్‌కి 1200. టెంపోకి 1500. మొత్తం 9500. తర్వాత రెండుసార్లు వచ్చినందుకు సారికి 1200. ఆడవాళ్లకి ఆ 300 తక్కువ ఎందుకో నాకు మింగుడు పడలేదు, మేస్త్రీని అడిగితే అందరూ అంతే ఇస్తారక్కా అన్నాడు, అందుకే ఆ తేడా నేనే వాళ్ల చేతికి ఇచ్చాను, ఇంకో 1200. అంతా కలిపి 13100. మందు కంటే ఖరీదే, కానీ ఆ 2500 ఏడాదికి నాలుగుసార్లు పెట్టినా నేల అక్కడే ఉండేది. జేసీబీ పెట్టమని చాలామంది చెప్పారు, పక్క వీధిలో పెట్టించిన సైటు చూశాను, పైమట్టంతా గీకేసింది, లోపలున్న విత్తనం పైకొచ్చి రెండో నెలలో పచ్చగా కాంగ్రెస్ గడ్డి తివాచీలా వచ్చింది. ఇల్లు కట్టబోయే సైటుకైతే సరే, పెరడుకి వద్దు.

మూడు వారాలకి వాళ్లు చెప్పినట్టే వచ్చారు, ఆడవాళ్లిద్దరూ మేస్త్రీ, ఒక పూట. మొలిచిన పిల్ల మొక్కలు లెక్కలేనన్ని, అరచేతంత కూడా లేవు, అన్నీ తీశారు. మళ్లీ ఆగస్టు ఆఖర్లో చవితికి రెండు రోజుల ముందు వచ్చారు, అప్పటికి పావు వంతు కూడా లేవు, ఆ రోజు పత్రి కూడా వాళ్లే కోసిపెట్టారు. ఈ రెండో మూడో రాకలే ఈ సర్వీసుకి నేను పెట్టే మార్కులు. కోసి డబ్బులు తీసుకుని వెళ్లేవాళ్లు చాలామంది దొరుకుతారు, మొలకల కోసం తిరిగి వచ్చేవాళ్లే దొరకరు.

ఖాళీ నేల ఉంచితే మళ్లీ వస్తుందని మూడోసారి అయ్యాక సగంలో ఉలవలు, జనుము చల్లాం, చెట్ల కింద డెలివరీ అట్టపెట్టెలు టేపు పీకేసి తడిపి పరిచి పైన నాలుగు అంగుళాలు ఎండాకు, కొబ్బరి పీచు వేశాం. ఈ ఏప్రిల్‌లో ఎండ బాగా తగిలే భాగంలో నేల తడిపి పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు కప్పి అంచులు మట్టితో మూసి ఐదు వారాలు ఉంచాం, కింద వేడికి విత్తనం చాలావరకు చచ్చింది. తుంగ మాత్రం లొంగలేదు. దాని గడ్డలు లోతుగా ఉంటాయి, షీటు, అట్ట రెండూ పొడుచుకుని వస్తుంది, వారానికోసారి నేనూ చిన్నోడూ గడ్డతో సహా తవ్వుతున్నాం, ఇంకో ఏడాది పడుతుంది.

వెనిగర్, ఉప్పు కలిపి కొట్టొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వెనిగర్ పైఆకు మాడుస్తుంది, వేరు అలాగే ఉంటుంది, ఉప్పు వేస్తే ఆ మట్టిలో మీ కరివేపాకు కూడా బతకదు. మేకల్ని తోలితే అని ఇంకొకరు, లాంటానా ఆకు మేకలకీ ఆవులకీ విషం, లివర్ పాడవుతుంది, పాపం వాటిని తోలకండి.

ఇప్పుడు మిగిలిన బెంగ వెనక సైటు. ఓనర్ ఎక్కడో ఉంటారు, అదంతా కాంగ్రెస్ గడ్డే, గాలికి విత్తనం మా గోడ దాటి వస్తూనే ఉంటుంది. పోయినవారం గోడ మీద నుంచి చూస్తే ఆ ఆకుల మీద గోధుమరంగు చారల చిన్న పురుగులు గుంపులుగా ఉన్నాయి, ఆకంతా జల్లెడలా తినేశాయి. అది మెక్సికో నుంచి తెప్పించిన జైగోగ్రామా పురుగు, ఈ గడ్డిని తినడం కోసమే మన బెంగళూరులో 1984లో వదిలారు, వానాకాలంలో పనిచేస్తుంది. చిన్నోడికి చూపించాను, రోజూ వెళ్లి లెక్కపెడుతున్నాడు. కానీ మొత్తం సైటు వాటివల్ల అయ్యే పని కాదు. వీధిలో వాళ్ల దగ్గర ఓనర్ నంబర్ దొరికింది, మాట్లాడితే మంచిగానే మాట్లాడారు, ఈ శనివారం వస్తానన్నారు. మేస్త్రీకి కూడా చెప్పాను, పూత రాకముందే మొదలుపెట్టాలని ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడుతున్నా.